చక్రాల దగ్గర టకటక

పల్నాడులో పిడుగురాళ్ల నుంచి ఏ దిక్కుకు బయల్దేరినా బండికి పరీక్షే. దాచేపల్లి మీదుగా కృష్ణ దాటి నల్గొండ వైపు వెళ్లినా, కొండమోడు దగ్గర చీలి సత్తెనపల్లి, గుంటూరు వైపు తిరిగినా, నకరికల్లు మీదుగా అద్దంకి దారి పట్టినా సున్నపురాయి, సిమెంటు, బొగ్గు, పత్తి బేళ్లు, మిర్చి టిక్కీలు మోసే లారీల వెనకే నడవాలి. ఆ బరువుకు తారు అణిగిపోతుంది. అడుగున నల్లరేగడి కదులుతుంది. ఊళ్లలోకి మలుపు తిరిగితే ఎవరికి తోచినట్టు వాళ్లు పోసిన స్పీడ్ బ్రేకర్లు. పిల్లల చదువులకీ, ఆస్పత్రులకీ, పెళ్లిళ్లకీ పనికొస్తుందని కొనుక్కున్న ఎస్‌యూవీ ఈ దారుల్లో కొన్నేళ్లు తిరిగేసరికి ముందు చక్రాల దగ్గర ఏదో మోగడం మొదలవుతుంది. పాటలు పెట్టుకుంటే వినపడదు. కట్టేస్తే వదలదు.

షెడ్డుకు తీసుకెళ్తే జరిగే సంభాషణ దాదాపు ఒకటే.

“ఏ పక్కన మోగుతుంది బాబాయ్?”

“ఎడమ పక్క, ముందు టైరు కాడ అనిపిస్తందిరా అబ్బాయ్.”

అక్కడినుంచి ఎడమ పక్క లింక్ రాడ్, అది మార్చినా తగ్గకపోతే లోయర్ ఆర్మ్, అదీ కాకపోతే షాకబ్జర్లు. సామాను మారుతూనే ఉంటుంది, శబ్దం మిగులుతూనే ఉంటుంది. ఇందులో మెకానిక్ చేతివాటం ఏమీ ఉండక్కర్లేదు. అడగాల్సిన ప్రశ్న వేరు, అంతే. ఎక్కడ మోగుతోందన్నది చివర్లో తేలే సంగతి. ఎప్పుడు మోగుతోందన్నది ముందు పట్టుకోవాలి. ఏ వేగంలో, ఎలాంటి గతుకు మీద, స్టీరింగు తిప్పితేనా, బ్రేకు తొక్కితేనా, పొద్దున్నేనా, మధ్యాహ్నం ఎండలోనా? ఈ జవాబులు తెచ్చినవాడు సగం రిపేరు చేసుకుని వచ్చినట్టే.

కారు లోపల కూర్చున్న మనిషి చెవిని ఈ విషయంలో నమ్మకూడదు. శబ్దం రెండు చెవులకూ చేరే సమయంలో తేడానీ, గట్టిదనంలో తేడానీ బేరీజు వేసి మెదడు దిక్కు కడుతుంది. ఆ సమయం తేడా ఎంత ఎక్కువైనా సెకనులో వెయ్యో వంతైనా ఉండదు, అందులో మూడింట రెండు వంతులే. బయట పొలంలో పిట్ట కూస్తే ఈ లెక్క బ్రహ్మాండంగా పనిచేస్తుంది. కారులో దెబ్బతింటుంది. 100 హెర్ట్జ్ దగ్గర ఉండే మొద్దు శబ్దానికి తరంగం పొడవు సుమారు 3.4 మీటర్లు. బండి లోపలి వెడల్పు మీటరున్నరకు అటూ ఇటూ. తరంగం గది కన్నా పెద్దదైనప్పుడు అది ఒక మూల నుంచి వస్తున్నట్టు కాక గదంతా నిండినట్టు ఉంటుంది. పైగా ఉక్కులో శబ్దం గాలిలో కన్నా దాదాపు 15 రెట్లు వేగంగా పోతుంది. ముందు చక్రం పైభాగంలో తగిలిన దెబ్బ బాడీ రేకు వెంట పాకి డ్యాష్‌బోర్డులో, తలుపు స్తంభంలో, సీటు కింద ఒకేసారి పలుకుతుంది. వాటిలో ఏ రేకు వదులుగా ఉంటే అదే గట్టిగా మోగుతుంది. కుడి పక్క లింకు అరిగితే ఎడమ పక్క డ్యాష్‌బోర్డు గొణగడం ఇందుకే.

చక్రం దగ్గర ఏముందో కాస్త చూద్దాం. పెనుకొండ దగ్గరి ఫ్యాక్టరీలో తయారయ్యే కియా సెల్టోస్ కానివ్వండి, క్రెటా, బ్రెజా కానివ్వండి, మన ఊళ్లలో కుటుంబాలు వాడే ఈ తరహా బళ్లకు ముందుపక్క ఉండేది మెక్‌ఫర్సన్ స్ట్రట్. ఎర్ల్ మెక్‌ఫర్సన్ అనే అమెరికన్ ఇంజనీరు 1940ల చివర్లో తీర్చిదిద్దిన పద్ధతి ఇది. 1950లో ఇంగ్లండులో వచ్చిన ఫోర్డ్ కాన్సుల్, జెఫైర్ కార్లతో పేరు తెచ్చుకుంది. స్ప్రింగు, షాకబ్జర్ ఒకే నిలువు స్తంభంగా ఉంటాయి. ఆ స్తంభం పైకొస రబ్బరు మౌంటు ద్వారా బాడీకి, కింది కొస చక్రానికి బిగిసి ఉంటుంది. కింద అడ్డంగా లోయర్ ఆర్మ్. దానికి బాడీ వైపు రెండు రబ్బరు బుష్‌లు, చక్రం వైపు ఒక బాల్ జాయింట్. స్టీరింగు నుంచి వచ్చే టై రాడ్ కొసన ఇంకొక బాల్ జాయింట్. ఎడమ, కుడి చక్రాలను కలుపుతూ అడ్డంగా పోయే స్టెబిలైజర్ బార్, దాన్ని రెండు పక్కలా స్ట్రట్లకు తగిలించే లింక్ రాడ్లు. భాగాలు తక్కువ, ఖర్చు తక్కువ, ఇంజను పక్కన చోటు మిగులుతుంది. డెబ్బై ఏళ్లు దాటినా ఈ పద్ధతిని చాలా కంపెనీలు వదలకపోవడానికి కారణం అదే. బొలెరోకు వెనకపక్క ఇప్పటికీ కమాన్ పట్టీలే కాబట్టి దాని మోతల కథ కొంచెం వేరు.

ఈ అమరికలో రెండు రకాల ఊపులు ఉంటాయి. స్ప్రింగుల మీద కూర్చున్న బాడీ తన మానాన తాను ఊగితే సెకనుకు సుమారు ఒకటి, ఒకటిన్నర సార్లు ఊగుతుంది. స్ప్రింగుకు కింద ఉన్న చక్రం, హబ్బు, బ్రేకు కలిసి సెకనుకు 10 నుంచి 15 సార్లు ఎగరాలని చూస్తాయి. పల్నాడు రోడ్లు ఈ రెండింటినీ లేపుతాయి, వేరువేరు చోట్ల.

నల్లరేగడిలో మాంట్‌మోరిల్లొనైట్ అనే బంకమట్టి ఎక్కువ. వాన పడితే నీళ్లు తాగి ఉబ్బుతుంది, ఎండాకాలం బీటలు వారి కుంచించుకుపోతుంది. పత్తికి, మిరపకు ప్రాణం పోసే గుణం రోడ్డుకు శాపం. కింద నేల ఒకచోట లేచి ఒకచోట కుంగితే పైన తారు ఎంత నున్నగా ఉన్నా పొడవాటి అలలు తేలతాయి. ఆ అల 12 మీటర్ల పొడవుందనుకుందాం. గంటకు 54 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 15 మీటర్లు. అంటే సెకనుకు ఒకటింబావు సార్లు బండి ఎక్కి దిగుతుంది, సరిగ్గా బాడీ ఊగాలనుకునే తాళంలో. షాకబ్జర్లు అలిసిపోయిన బండి ఇక్కడ దొరికిపోతుంది. అల దాటాక కూడా ఊగుతూనే ఉంటుంది, వెనక కూర్చున్న పిల్లలకు కడుపులో తిప్పుతుంది. అదే లారీలు బ్రేకులు వేసే మలుపుల దగ్గర, టోల్‌గేట్ల దగ్గర తారు మీటరుకొకటి చొప్పున మడతలు పడుతుంది. గంటకు 45 కిలోమీటర్ల వేగంలో ఆ మడతలు సెకనుకు పన్నెండున్నర సార్లు చక్రాన్ని కొడతాయి. అది చక్రం సొంత తాళం. అరిగిన బాల్ జాయింట్లు, లింక్ రాడ్లు అక్కడ నోరు విప్పుతాయి. ఊగితే షాకబ్జర్లు, కటకటలాడితే కీళ్లు. ఈ ఒక్క తేడా గమనించినా సగం సామాను మార్చే పని తప్పుతుంది.

అన్నిటికన్నా ఎక్కువగా మోగేది లింక్ రాడ్. మెకానిక్‌లు ముందు దాని మీదికే పోవడం తప్పు కాదు, పరీక్షించకుండా పోవడమే తప్పు. స్టెబిలైజర్ బార్ పని మలుపుల్లో బండి ఒక పక్కకు ఒరిగిపోకుండా ఆపడం. రెండు చక్రాలూ ఒకేసారి లేచినప్పుడు ఆ బార్ తన బుష్‌లలో ఊరికే తిరుగుతుంది, లింకుల మీద పెద్దగా ఒత్తిడి ఉండదు. ఒక్క చక్రమే లేచినప్పుడు బార్ మెలితిరుగుతుంది, లింకు బిగిసి లాగుతుంది, వెంటనే వదులుతుంది. ఈ తేడానే పరీక్షగా వాడుకోవచ్చు. రోడ్డంతా అడ్డంగా ఉన్న స్పీడ్ బ్రేకర్‌ను నేరుగా, నింపాదిగా ఒకసారి దాటండి. మళ్లీ వచ్చి అదే బ్రేకర్‌ను ఏటవాలుగా, ఒక చక్రం తర్వాత ఒకటి ఎక్కేలా అదే వేగంతో దాటండి. నేరుగా పోయినప్పుడు నిశ్శబ్దంగా ఉండి ఏటవాలుగా పోయినప్పుడు టకటకమంటే లింక్ రాడ్ మీద, లేదా బార్‌ను బాడీకి పట్టే బుష్ మీద అనుమానం గట్టిపడుతుంది. రెండు రకాలుగానూ మోగితే బార్‌ను పక్కనపెట్టి బాల్ జాయింట్, ఆర్మ్ బుష్, స్ట్రట్ వైపు చూడాలి. పానా పట్టకుండా, పైసా ఖర్చు లేకుండా తేలే సంగతి ఇది. ఇంకా రూఢి కావాలంటే మెకానిక్ రెండు పక్కలా లింకులు విప్పి, బార్ కొసలు దేనికీ తగలకుండా కట్టేసి, షెడ్డు ముందు నడకంత వేగంలో ఒక చుట్టు తిప్పి చూస్తాడు. శబ్దం పోయిందా, దొంగ దొరికినట్టే. అలా విప్పిన బండిని రోడ్డెక్కించకూడదు, మలుపులో పక్కకు ఒరిగిపోతుంది.

లింకును చేత్తో ఊపి చూసి “బాగానే ఉంది సార్” అనడం షెడ్లలో తరచూ జరిగే పొరపాటు. ఒక చక్రాన్నే జాకీ మీద లేపినప్పుడు ఆ పక్క చక్రం కిందికి వేలాడుతుంది, బార్ మెలిపడుతుంది, లింకును లాగి పట్టుకుంటుంది. లోపల ఎంత వదులు ఉన్నా ఆ బిగుతులో కనపడదు. రెండు ముందు చక్రాలూ ఒకే ఎత్తులో ఉన్నప్పుడే, అంటే బండి ర్యాంపు మీద నిలబడి ఉన్నప్పుడో, రెండు పక్కలా సమానంగా లేపినప్పుడో చూడాలి. విప్పి చేతిలోకి తీసుకుంటే ఇక సందేహమే ఉండదు. కొత్త లింకు బాల్ పిన్నును రెండు వేళ్లతో పక్కకు వంచాలంటే బలం పెట్టాలి. జిగటగా, ఒకే తీరుగా కదులుతుంది, పెట్టిన చోటే ఆగుతుంది. అరిగిన దాని పిన్ను తనంతట తానే కిందికి వాలిపోతుంది. చెవి పక్కన పెట్టుకుని ఊపితే టిక్కు టిక్కుమంటుంది. రబ్బరు తొడుగు మడతల్లో చిన్న చీలిక, దాని అంచున బూడిదరంగు ముద్ద. ఒకప్పుడు అది గ్రీజు.

అంత చిన్న ఖాళీ అంత పెద్ద శబ్దం ఎలా చేస్తుంది? బాల్ జాయింట్‌లో ఉక్కు బంతి గట్టి ప్లాస్టిక్ గిన్నెలో కూర్చుని ఉంటుంది, మధ్యలో గ్రీజు. గిన్నె అరిగి అర మిల్లీమీటరు ఖాళీ వచ్చిందంటే బంతి ప్రతి గతుకుకూ ఆ ఖాళీ దాటి ఎదుటి గోడను కొడుతుంది. గట్టి వస్తువులు రెండు తగిలినప్పుడు దెబ్బ క్షణంలో ముగుస్తుంది. దెబ్బ ఎంత పొట్టిదైతే దాని శక్తి అంత ఎక్కువ పౌనఃపున్యాల దాకా పరుచుకుంటుంది. మన చెవి అన్నిటికన్నా చురుగ్గా ఉండేది 2,000 నుంచి 5,000 హెర్ట్జ్ మధ్య. ఉక్కు దెబ్బలో ఆ భాగం దండిగా ఉంటుంది. అదే దెబ్బ రబ్బరు మీద పడితే ఎక్కువసేపు సాగి, మొద్దుబారి, ధబ్ అనే అడుగు స్వరంగా మిగులుతుంది. టక్ అంటే లోహమో గట్టి ప్లాస్టిక్కో, ధబ్ అంటే రబ్బరు. చెవి దిక్కు విషయంలో మోసం చేసినా గుణం విషయంలో నిజమే చెబుతుంది.

ఆ బూడిదరంగు ముద్ద దగ్గర ఇంకాస్త ఆగాలి, ఎందుకంటే అందులో పిడుగురాళ్ల ఉంది. ఈ ఊరు సున్నపు బట్టీల ఊరు. బట్టీలో సున్నపురాయిని 900 డిగ్రీల పైచిలుకు వేడిలో కాలిస్తే 100 కిలోల స్వచ్ఛమైన రాయికి 56 కిలోల పొడిసున్నం మిగులుతుంది, తక్కిన 44 కిలోలూ కార్బన్ డయాక్సైడుగా పోతాయి. రాయి పగలగొట్టేచోట, సున్నం ఎత్తేచోట, లారీలు పోయేచోట లేచిన తెల్లపొడి చెట్ల ఆకుల మీద, దుకాణాల తెరల మీద, బళ్ల అడుగున పేరుకుంటుంది. సున్నపు పొడే ఉక్కును తినేస్తుందని అనుకుంటారు కానీ సున్నపురాయి గట్టిదనం ఖనిజాల కొలబద్దలో 3, ఉక్కు కన్నా తక్కువ. ఉక్కు బంతిని గీరేది రోడ్డు దుమ్ములో కలిసిన ఇసుక, అంటే క్వార్ట్జ్. దాని గట్టిదనం 7. సున్నం చేసే హాని వేరు. రబ్బరు తొడుగు చీలాక లోపలికి చేరిన మెత్తటి పొడి గ్రీజులోని నూనెను పీల్చుకుని దాన్ని పిండిముద్ద చేస్తుంది. నూనె ఎండిన కీలు అరగక ఏం చేస్తుంది? పొడిసున్నానికి తడి తగిలితే గాఢమైన క్షారం తయారవుతుంది. కొన్ని బళ్లలో ఆర్ములు, చక్రం హబ్బును పట్టే నకిల్స్ అల్యూమినియంతో చేస్తారు. క్షారం అల్యూమినియాన్ని నేరుగా తినేస్తుంది. వానాకాలం మొదటి జల్లులకు ముందే బండి అడుగు భాగాన్ని మంచినీళ్లతో బాగా కడిగించాలని నేను అందరికీ చెప్పేది ఇందుకే. తొడుగు చీలికను చీలికగా ఉన్నప్పుడే పట్టుకుంటే చాలాసార్లు కీలు దక్కుతుంది.

ఇక కిర్రు. స్పీడ్ బ్రేకర్ ఎక్కుతూ, దిగుతూ, ఇంటిముందు బండి నిలబెట్టి మనుషులు ఎక్కుతున్నప్పుడు కూడా కిర్రుమని సాగే శబ్దం రబ్బరు బుష్‌లది. రబ్బరు ఉక్కును అంటుకుని కొంతదూరం సాగుతుంది, ఇక సాగలేక జారుతుంది, మళ్లీ అంటుకుంటుంది. సెకనుకు వందలసార్లు ఇలా అంటుకుని జారడమే ఆ కిర్రు. వయొలిన్ కమాను తీగను పలికించేదీ ఈ సూత్రంతోనే. దీనికి పరీక్ష మంచినీళ్లు. అనుమానమున్న బుష్ మీద సీసాతో కాసిని నీళ్లు కొట్టి బండిని ఊపితే కిర్రు కాసేపు ఆగిపోతుంది, ఆరాక మళ్లీ వస్తుంది. ఒక్కొక్క బుష్ మీదా విడివిడిగా కొట్టి చూస్తే ఏది అరుస్తోందో తేలుతుంది.

నీళ్ల బదులు డీజిలో, వాడేసిన ఇంజనాయిలో కొట్టే అలవాటు మన సర్వీసింగ్ సెంటర్లలో పాతుకుపోయింది. కమాన్ పట్టీల కాలంలో తుప్పు పట్టకుండా చేసిన పని అది. ఇప్పటి బళ్లకు అది విషం. సహజ రబ్బరు పెట్రోలియం నూనెలను పీల్చుకుని ఉబ్బుతుంది, మెత్తబడుతుంది, బలం కోల్పోతుంది. ఆ రోజుకు కిర్రు ఆగుతుంది, కొన్ని నెలలకు బుష్ చిరుగుతుంది. 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ రబ్బరును గంధకంతో వేడిచేసి దానికి గట్టిదనం తెచ్చిన నాటినుంచి రబ్బరుకు శత్రువులు మారలేదు: వేడి, గాలిలోని ఆక్సిజన్, ఓజోన్, నూనె. ఎండాకాలం వార్తల్లో మాటిమాటికీ వినపడే రెంటచింతల మనకు ఎంతో దూరం కాదు. మే నెల మధ్యాహ్నం తారు ఉపరితలం 60 డిగ్రీలు దాటడం మామూలే. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే రబ్బరు ముదిరే వేగం దాదాపు రెట్టింపవుతుందని రసాయన శాస్త్రంలో ఒక ముతక లెక్క. చల్లని ఊళ్లో నడిచే బండి బుష్ బతికినన్నాళ్లు మన బుష్ బతకదు. తప్పనిసరై ఏదైనా పూయాల్సి వస్తే సిలికాన్ గ్రీజు వాడాలి. అది రబ్బరు జోలికి పోదు.

కొత్త బుష్‌లు వేసిన కొన్ని నెలలకే మళ్లీ కిర్రుమంటే సామాను నకిలీదని తిట్టుకుంటాం. నకిలీ సామాను ఉన్నమాట నిజమే. కానీ నేను చూసినంతలో బిగించిన తీరు ఎక్కువ కారణం. ఇప్పటి లోయర్ ఆర్మ్ బుష్‌కు లోపల ఉక్కు గొట్టం, బయట ఉక్కు గొట్టం, మధ్యలో రెంటికీ అతుక్కున్న రబ్బరు. బోల్టు బిగిస్తే లోపలి గొట్టం బాడీకి బందీ అవుతుంది, ఇక ఆర్మ్ కదిలిన ప్రతిసారీ రబ్బరే మెలితిరగాలి. బండి జాకీ మీద ఉండి చక్రం వేలాడుతుండగా ఆర్మ్ కిందికి 15 డిగ్రీలు వాలి ఉందనుకుందాం. అదే స్థితిలో బోల్టును పూర్తిగా బిగిస్తే, బండి నేలకు దిగిన క్షణంనుంచి ఆ రబ్బరు 15 డిగ్రీల మెలికతోనే బతకాలి. గతుకు వస్తే దానికి తోడు ఇంకాస్త మెలిక. చిరగక ఏమవుతుంది? బోల్టులు వేళ్లతో పట్టించి, బండిని ర్యాంపు మీద నాలుగు చక్రాల మీద నిలబెట్టి, రెండుసార్లు కిందికి నొక్కి వదిలి, అప్పుడే టార్క్ రెంచితో కంపెనీ చెప్పిన కొలత మేరకు బిగించాలి. పది నిమిషాలు ఎక్కువ పట్టే పని. బండి యజమాని పక్కన నిలబడి గట్టిగా అడగాల్సిన పని ఏదైనా ఉందంటే ఇదే.

మహాశివరాత్రికి కోటప్పకొండ తిరనాళ్లకు ఏడుగురు ఎక్కి, డిక్కీ నిండా సామాను పెట్టుకుని బయల్దేరిన బండి బ్రేకర్ల మీద ధబ్, ధబ్‌మంటే అది రోగం కాకపోవచ్చు. బరువుకు స్ప్రింగు కుంగింది, ఇక కుంగే చోటు తక్కువ మిగిలింది, స్తంభం చివరి రబ్బరు దిమ్మె మీద కూర్చుంది. ఆ దిమ్మె ఉన్నదే అందుకు. ఇద్దరే ఉన్నప్పుడు, తక్కువ వేగంలో కూడా అలా గుద్దుకుంటే అప్పుడు షాకబ్జర్‌ను చూడాలి. షాకబ్జర్ అంటే నూనె నిండిన గొట్టంలో చిన్న చిన్న రంధ్రాలున్న పిస్టన్. గతుకు శక్తిని నూనె రంధ్రాల గుండా దూరుతూ వేడిగా మార్చేస్తుంది. గొట్టం మీద సన్నటి నూనె తడి కనిపిస్తే భయపడక్కర్లేదు. కిందిదాకా కారి, దుమ్ము అంటుకుని నల్లగా కట్టిందంటే సీలు పోయింది. మార్చేటప్పుడు ఒకే ఇరుసు మీద రెండూ మార్చాలి, లేకపోతే ఎడమ చక్రం ఒక తీరుగా, కుడి చక్రం ఒక తీరుగా నడుస్తాయి, గట్టిగా బ్రేకు తొక్కిన రోజు ఆ తేడా బయటపడుతుంది.

స్పీడ్ బ్రేకర్‌కు కూడా కొలత ఉంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988లో ఇచ్చిన మార్గదర్శకాలు గంటకు 25 కిలోమీటర్ల వేగంతో దాటే గుండ్రటి బ్రేకర్ 17 మీటర్ల వ్యాసార్ధం ఉన్న వృత్తంలో ముక్కలా, 3.7 మీటర్ల వెడల్పున, నడుమ 10 సెంటీమీటర్ల ఎత్తుతో ఉండాలని చెప్పాయి. మన వీధుల్లో అంతే ఎత్తును మూరెడు, రెండు మూరల వెడల్పులో పోసేస్తారు. ఎత్తు అదే అయినా చక్రం పైకి ఎగరాల్సిన సమయం అనేక రెట్లు తగ్గిపోతుంది, షాకబ్జర్ మీద, మౌంటు రబ్బరు మీద దెబ్బ అంతకంతకూ పెరుగుతుంది. గర్భిణులు, నడుం నొప్పి ఉన్నవాళ్లు, అంబులెన్సులో ఉన్న రోగి ఇదే బ్రేకర్ దాటాలి. పంచాయతీలు, మున్సిపాలిటీలు అలాంటి కొలత పాటిస్తే బళ్లకూ మనుషులకూ ఎంతో మేలు.

బండి నిలబడి ఉండగా స్టీరింగు ఆ కొస నుంచి ఈ కొసకు తిప్పితే టంగ్ మని స్ప్రింగు ఎగిరినట్టు మోగితే స్ట్రట్ పైనున్న మౌంటులోని బేరింగు పట్టేసింది. స్టీరింగుతో పాటు మెత్తగా తిరగాల్సిన స్ప్రింగు మెలిపడి, ఒక్కసారిగా విడిపడుతోంది. ఒకరు స్టీరింగు తిప్పుతుంటే ఇంకొకరు బానెట్ ఎత్తి పైమౌంటు మీద అరచెయ్యి ఆనిస్తే ఆ ఎగురు చేతికి తెలుస్తుంది. కనుక్కోవడం ఎవరైనా చేయొచ్చు, విప్పడం మాత్రం ఇంటి దగ్గర వద్దు. మిల్లీమీటరుకు 25 న్యూటన్ల గట్టిదనమున్న స్ప్రింగు 150 మిల్లీమీటర్లు నొక్కుకుని ఉంటే అందులో సుమారు 280 జౌళ్ల శక్తి ఉంటుంది. 10 కిలోల బరువు దాదాపు మూడు మీటర్ల ఎత్తునుంచి పడ్డంత. స్ప్రింగును కంప్రెసర్‌తో నొక్కి పట్టకుండా పైనట్టు విప్పితే ఆ శక్తి అంతా ఎదురుగా ఉన్న మనిషి మీదికే వస్తుంది.

కొన్ని మోతలు అసలు సస్పెన్షన్‌వే కావు. షెడ్డుకు పోయేముందు డిక్కీ ఖాళీ చేసి, స్టెప్నీ, జాకీ, పానాలు వాటి చోట బిగిసి ఉన్నాయో లేదో చూడాలి. గతుకుల మీద కటకటలాడేది, బ్రేకు పెడల్ మీద కాలు తేలిగ్గా ఆనించగానే ఆగిపోతే అది బ్రేకు ప్యాడ్లదో క్యాలిపర్‌దో. వేగంతో పాటు పెరిగే టిక్కుటిక్కు గతుకులతో సంబంధం లేనిది, తిరిగే భాగానిది. ఈ బళ్ల చక్రం చుట్టుకొలత రెండు మీటర్ల పైచిలుకు ఉంటుంది కాబట్టి గంటకు 36 కిలోమీటర్ల వేగంలో సెకనుకు నాలుగున్నర చుట్లు తిరుగుతుంది. టిక్కులు ఆ లెక్కలో వస్తే ముందుగా టైరు గాడిలో కంకర రాయి ఇరుక్కుందేమో చూడండి. రాళ్ల లారీలు తిరిగే ఈ ఊరి దారుల్లో తరచూ అదే దొరుకుతుంది.

చక్రాన్ని లేపి పైనా కిందా పట్టుకుని ఊపితే కదలిక ఉందంటే వీల్ బేరింగో, కింది బాల్ జాయింటో. పక్కలకు పట్టుకుని ఊపినప్పుడు కదిలితే టై రాడ్ ఎండ్. ఈ రెండింటిలో ఏది కదిలినా ఇక బండి తీయకూడదు. లింక్ రాడ్ అరిగితే చెవికి బాధ, బాల్ జాయింట్ ఊడితే చక్రం పక్కకు పడిపోయి బండి చేతిలో ఉండదు. లేపిన బండి కిందికి దూరాల్సి వస్తే ఇనప స్టాండు మీదే నిలబెట్టాలి. మన ఊళ్లో అందుబాటులో ఉందని సున్నపురాయి దిమ్మె పెట్టేస్తారు. ఆ రాయికి పొరలుంటాయి, బరువు ఒకే చోట పడితే పొర వెంట చీలుతుంది.

పని అయిపోయాక లోయర్ ఆర్మో, టై రాడ్ ఎండో, స్ట్రట్టో విప్పి ఉంటే వీల్ అలైన్‌మెంట్ చేయించకుండా బండి తీసుకోవద్దు. చక్రం కొద్దిగా వంకరగా నడిచినా కొన్ని వేల కిలోమీటర్లలో కొత్త టైరు ఒక పక్క అరిగిపోతుంది. ఆ తర్వాత అదే రోడ్డు మీద, అదే వేగంతో, అంతమందితోనే నడిపి చూడాలి. ఒక పెద్ద మోత పోయాక దాని చాటున దాగిన చిన్న మోత మొదటిసారి వినపడటం కద్దు. అది కొత్త జబ్బు కాదు, వేసిన సామాను తప్పూ కాదు. మళ్లీ బ్రేకర్ మీద నేరుగా ఒకసారి, ఏటవాలుగా ఒకసారి పోనిచ్చి ఎప్పుడు మోగుతోందో రాసుకుని, ఆ కాగితంతో షెడ్డుకు వెళ్లండి.